స్విచ్‌ఫుట్‌లో ముందు ఏ ఆల్బమ్ వినాలి? బ్యూటిఫుల్ లెట్‌డౌన్, నథింగ్ ఈజ్ సౌండ్, హలో హరికేన్

మా బాబాయి కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడు, ఆదివారం చర్చిలో బేస్ గిటార్ వాయిస్తాడు. రెండు నెలల క్రితం ఫోన్ చేసి "అన్నా, ఎప్పుడూ స్విచ్‌ఫుట్ స్విచ్‌ఫుట్ అంటావు కదా, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?" అని అడిగాడు. ఆలోచించకుండా "ద బ్యూటిఫుల్ లెట్‌డౌన్" అనేశాను. ఎవరినడిగినా అదే చెప్తారు మరి. వాడు మూడు పాటలు విని మళ్ళీ ఫోన్ చేశాడు. "సౌండ్ అదిరింది అన్నా. కానీ క్రిస్టియన్ బ్యాండ్ అన్నావు, ఇందులో యేసు ఎక్కడ?"

తప్పు నాదే. చెప్పులు కావాలంటే పాదం చూడకుండా తొమ్మిదో నంబరు చేతిలో పెట్టినట్టు చేశాను. వాడు ఇప్పటిదాకా ఏం వింటూ వచ్చాడు, పాటలో ఏం వెతుక్కుంటాడు అని ఒక్క మాట అడగలేదు. అందుకే ఈసారి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీరూ వాడిలాగే మొదటిసారి ఈ బ్యాండ్ దగ్గరికి వస్తుంటే మీకూ పనికొస్తుంది, కాకపోతే నాకు వీళ్ళ మీద ఉన్న అభిమానం కొంచెం ఎక్కువే, ఆ లెక్క మీరే తీసేసుకోండి.

ముందు యేసు ఎక్కడ అన్న సంగతి తేల్చేద్దాం, అది తేలకుండా ఏ ఆల్బమ్ చెప్పినా వృథా. స్విచ్‌ఫుట్ వాళ్ళది కాలిఫోర్నియాలోని శాన్ డియేగో. 1996లో ముగ్గురు కుర్రాళ్ళు మొదలుపెట్టారు: పాడేదీ గిటార్ వాయించేదీ జాన్ ఫోర్‌మన్, బేస్ మీద వాళ్ళ తమ్ముడు టిమ్, డ్రమ్స్ మీద చాడ్ బట్లర్. ముగ్గురికీ సముద్రపు అలల మీద సర్ఫింగ్ పిచ్చి. పేరు కూడా అక్కడిదే, పలక మీద మామూలుగా ముందుంచే కాలు వెనక్కి, వెనక కాలు ముందుకు మార్చి నిలబడటాన్ని స్విచ్‌ఫుట్ అంటారు. 2000లో కీబోర్డ్‌కి జెరోమ్ ఫాంటమియాస్ చేరాడు, ఆ తర్వాత గిటార్‌కి డ్రూ షర్లీ వచ్చి చాలా ఏళ్ళు ఉన్నాడు. మొదటి మూడు ఆల్బమ్‌లు క్రిస్టియన్ మార్కెట్ కోసం పనిచేసే లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) ద్వారానే వచ్చాయి. కానీ వీళ్ళు మొదట్నుంచీ ఒకటే మాట మీద ఉన్నారు, క్రైస్తవం మా విశ్వాసం, మా సంగీతం రకం కాదు అని. అంటే పాటలో పేరు పెట్టి పిలవరు. ప్రశ్న అడుగుతారు, మొర పెట్టుకుంటారు, తిట్టుకుంటారు, మధ్యలో ఎక్కడో ఒక వాక్యం దగ్గర మీకు బైబిల్లో చదివింది తగులుతుంది, తగలకపోయినా పాట పాటగా నిలబడుతుంది.

మన దగ్గర ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుతూ పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది. మనకి పల్లవిలోనే ప్రభువు పేరు ఉండాలి, లేకపోతే అది సినిమా పాటేమో అని అనుమానం. ఈ మధ్య యూత్ మీటింగుల్లో పాడే ఇంగ్లీషు వర్షిప్ పాటలూ అంతే, నేరుగా దేవుడితో మాట్లాడతాయి. స్విచ్‌ఫుట్ పాటలు ఎక్కువగా మనిషి తనతో తాను మాట్లాడుకునేవి. మీకు కావాల్సింది కలిసి పాడుకునే ఆరాధన పాటలైతే ఈ బ్యాండ్ మీకు కాదు, ఇక్కడితో ఆపేసి వెళ్ళిపోయినా నేనేమీ అనుకోను. అలా కాకుండా, కీర్తనల గ్రంథం తిరగేస్తుంటే స్తుతి కంటే "ఎందుకు నన్ను మర్చిపోయావు" అనే చోటే మీ చూపు ఆగుతుందా? అయితే కూర్చోండి, మాట్లాడుకుందాం.

వీళ్ళ ఆల్బమ్‌లు పది దాటాయి. కొత్తవాళ్ళకి పనికొచ్చే పోటీ మాత్రం మూడింటి మధ్యే అని నా లెక్క. 2003 నాటి ద బ్యూటిఫుల్ లెట్‌డౌన్, 2005 నాటి నథింగ్ ఈజ్ సౌండ్, 2009 నాటి హలో హరికేన్.

బ్యూటిఫుల్ లెట్‌డౌన్ సంగతి. దీనికి ముందు 2002లో ఎ వాక్ టు రిమెంబర్ అనే సినిమాలో వీళ్ళ పాటలు వాడారు, అందులో హీరోయిన్‌గా చేసిన మ్యాండీ మూర్ వీళ్ళ ఓన్లీ హోప్ పాటని తెర మీద తనే పాడింది. బయట జనానికి వీళ్ళ పేరు తెలిసింది అలా. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఈ ఆల్బమ్. పదకొండు పాటలు, మొత్తం ముప్పావు గంట. అమెరికాలో డబుల్ ప్లాటినమ్ అయింది, అంటే ఇరవై లక్షల కాపీల లెక్క. మెంట్ టు లివ్, డేర్ యూ టు మూవ్ రెండూ అమెరికా పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి ఇరవైలోకి వెళ్ళాయి. చర్చి గడప తొక్కని కుర్రాళ్ళు కూడా కారులో ఈ పాటలు పెట్టుకున్నారు, ఏ విశ్వాసం నుంచి వచ్చాయో తెలియకుండానే.

మెంట్ టు లివ్ మొదటి అర నిమిషం వినండి, ఆల్బమ్ మొత్తం ఏంటో అందులోనే ఉంది. బరువైన రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) ఒకటి గోడలా వచ్చి పడుతుంది, చరణం మొదలవగానే ఆ గోడ తప్పుకుంటుంది, జాన్ గొంతు దాదాపు ఒంటరిగా, కొంచెం విసుగ్గా, ఏదో పోగొట్టుకున్నవాడిలా పాడుతుంది, మళ్ళీ పల్లవికి గోడ తిరిగొస్తుంది. టి.ఎస్. ఎలియట్ రాసిన ద హాలో మెన్ కవిత ఈ పాటకి ప్రేరణ. ఇంతకంటే గొప్పదానికి పుట్టాం కదా, మరి ఇలా ఎందుకున్నాం అనే బాధ తప్ప పాటలో ఇంకేం లేదు. ఉపదేశం లేదు, పరిష్కారం లేదు. పాట అక్కడే ఆపేస్తాడు, నాకు నచ్చింది కూడా అదే.

మూడు పాటలు విని ఫోన్ చేసిన మావాడి మాటకొస్తే, వాడు చివరిదాకా వినలేదు. ఆఖరి పాట ట్వెంటీ ఫోర్ దాదాపు ప్రార్థనే. గిటార్, గొంతు, వెనక కొంచెం తీగల శబ్దం, అంతే. మొదటి పాటలో గోడకేసి తల బాదుకున్నవాడు పదకొండో పాటకి వచ్చేసరికి మోకాళ్ళ మీద ఉంటాడు. అందుకే దీన్ని షఫుల్‌లో వినొద్దు. వరుసలో వినండి, మధ్యలో యాడింగ్ టు ద నాయిస్ దగ్గర కొంచెం బోర్ కొట్టినా సరే. (ఆ పాటలో తమాషా ఏంటంటే, మా పాట కూడా మీ చుట్టూ ఉన్న గోలకి తోడవుతుంటే ఆపేయండి అని వాళ్ళే చెప్తారు. నేను చాలాసార్లు మాట విన్నాను.)

దీని బలహీనత కూడా చెప్పాలి. నాకు తెలిసి ఇది సగం సగం ఆల్బమ్. మెంట్ టు లివ్, దిస్ ఈజ్ యువర్ లైఫ్, డేర్ యూ టు మూవ్, ఆన్ ఫైర్, ట్వెంటీ ఫోర్ ఈ ఐదూ రాయిలా నిలబడతాయి. మోర్ దేన్ ఫైన్, రిడెంప్షన్ లాంటివి ఆ కాలపు రేడియో పాటలు, తప్పులేదు, గుర్తుండవు కూడా. గాన్ పాట సరదాగా ఉంటుంది కానీ రెండువేల మూడు అని నుదుటి మీద రాసి ఉన్నట్టుంటుంది.

ఇక డేర్ యూ టు మూవ్ గురించి చిన్న పరీక్ష. ఈ పాట మొదట 2000లో లర్నింగ్ టు బ్రీద్ ఆల్బమ్‌లో ఐ డేర్ యూ టు మూవ్ అనే పేరుతో వచ్చింది, 2003లో మళ్ళీ రికార్డు చేశారు. రెండూ పక్కపక్కన వినండి. పాతది పలచగా, కాలేజీ ఫెస్ట్‌లో స్టేజి మీద వాయిస్తున్నట్టు ఉంటుంది. కొత్తదాంట్లో పల్లవి వచ్చినప్పుడు గది తలుపులు తెరుచుకున్నట్టు ఉంటుంది. పాట అదే, మాటలు అవే, నిర్మాత జాన్ ఫీల్డ్స్ చెయ్యి పడ్డాక ఎంత తేడా వచ్చిందో చెవికే తెలుస్తుంది. రికార్డింగ్ మీద ఆసక్తి ఉన్న కుర్రాళ్ళకి నేను ముందు ఇదే వినిపిస్తాను.

నథింగ్ ఈజ్ సౌండ్ దగ్గరికి వస్తే నా గొంతు మారుతుంది, ఎందుకంటే నాకు వ్యక్తిగతంగా ఇష్టమైంది ఇదే. పెద్ద హిట్ కొట్టిన బ్యాండ్ తర్వాతి ఆల్బమ్‌ని ఏం చేస్తుంది? అదే ఇంకోసారి చేస్తుంది. వీళ్ళు రెండేళ్ళు ఊరూరూ తిరిగి, బస్సుల్లో హోటళ్ళలో పాటలు రాసుకుని, ఒంటరితనం మీద, అమ్మకానికి పెట్టిన ప్రేమ మీద, నాయకుల మీద, సంతోషం అనే మాట మీదే అనుమానంతో ఒక చీకటి ఆల్బమ్ తెచ్చారు. 2005 సెప్టెంబరులో వచ్చి ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో నేరుగా మూడో స్థానంలో దిగింది.

హ్యాపీ ఈజ్ ఎ యప్పీ వర్డ్ (యప్పీ అంటే బాగా సంపాదించే పట్నపు కుర్ర ఉద్యోగి) అనే పేరు గాయకుడు బాబ్ డిలన్ ఒక ఇంటర్వ్యూలో అన్న మాటలోంచి తీసుకున్నారు. మీరు సంతోషంగా ఉన్నారా అని అడిగితే ఆయన ఆ మాటనే పక్కకి నెట్టేశాడు. ఈ పాట వింటుంటే నాకు ప్రసంగి గ్రంథం గుర్తొస్తుంది. చర్చిలో ఆ పుస్తకం మీద ప్రసంగాలు తక్కువ వింటాం, సమస్తమూ వ్యర్థం అంటే వచ్చినవాళ్ళు దిగులుగా ఇంటికెళ్తారని కాబోలు. ఈ ఆల్బమ్‌కి ఆ మొహమాటం లేదు. లోన్లీ నేషన్‌తో గుద్దినట్టు మొదలవుతుంది, స్టార్స్ దగ్గర కొంచెం ఊపిరి ఆడుతుంది, ద బ్లూస్ దగ్గర పూర్తిగా కుంగిపోతుంది. ద షాడో ప్రూవ్స్ ద సన్‌షైన్ దక్షిణాఫ్రికా వెళ్ళినప్పుడు పుట్టిన పాట. నీడ ఉందంటే ఎక్కడో ఎండ ఉన్నట్టే కదా అన్న ఒక్క ఆలోచన మీద పాటంతా నడుస్తుంది, మొత్తం ఆల్బమ్‌లో ఆశ అంటూ ఉంటే ఆ సన్నటి గీతే. అంతకుమించి ఇవ్వడు.

అందుకే ఇది అందరికీ మొదటి ఆల్బమ్‌గా చెప్పను. అంతా బాగున్నవాళ్ళకి ఇది మొదటిసారి వింటే "ఇంత ఏడుపెందుకు" అనిపిస్తుంది. కానీ ఉద్యోగం పోయిందో, ఇంట్లో ఎవరైనా పోయారో, లేదా ఏ కారణమూ లేకుండా దేవుడు ఫోన్ ఎత్తట్లేదని అనిపిస్తున్న రోజులో ఉన్నారో, అప్పుడు బ్యూటిఫుల్ లెట్‌డౌన్ జోలికి వెళ్ళకండి, నేరుగా ఇది పెట్టుకోండి. మా నాన్న పోయిన ఏడాది నేను వేరే ఏ ఇంగ్లీషు ఆల్బమూ వినలేదు. రాత్రి పది దాటాక హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సు ఎక్కి, సూర్యాపేట దగ్గర టీకి ఆపేదాకా ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి, అలా వారానికి రెండుమార్లు. ఓదార్చాలని చూడని పాటలు అప్పుడు నాకు కావాలనిపించింది.

ఈ ఆల్బమ్ సీడీ గురించి ఒక హెచ్చరిక. ఇది సంగీతానికి సంబంధించింది కాదు కానీ పాత సీడీలు సేకరించే అలవాటున్నవాళ్ళు, ముఖ్యంగా అమెరికాలో ఉన్న మనవాళ్ళు సెకండ్ హ్యాండ్ షాపుల్లో కొనేవాళ్ళు తెలుసుకోవాలి. 2005లో సోనీ బీఎంజీ కంపెనీ (వీళ్ళ అప్పటి లేబుల్ కొలంబియా దీనిదే) కొన్ని సీడీల్లో కాపీ కాకుండా ఎక్స్‌సీపీ అనే సాఫ్ట్‌వేర్ పెట్టింది. విండోస్ కంప్యూటర్‌లో సీడీ పెడితే అది లోపల దాక్కుని కూర్చునేది, రూట్‌కిట్ అంటారే, అలా. మార్క్ రసినోవిచ్ అనే నిపుణుడు ఆ అక్టోబరు చివర్లో దాన్ని బయటపెట్టాక పెద్ద గొడవైంది, కోర్టు కేసులు పడ్డాయి, కంపెనీ ఆ సీడీలు వెనక్కి తీసుకుంది. ఆ సీడీల్లో నథింగ్ ఈజ్ సౌండ్ ఒకటి. అంతకుముందే అభిమానులు కొన్న పాటలు ఐపాడ్‌లోకి ఎక్కట్లేదని మొత్తుకుంటుంటే బేస్ వాయించే టిమ్ ఫోర్‌మన్ తనే ముందుకొచ్చి ఆ తాళం ఎలా తప్పించుకోవాలో రాసిపెట్టాడు. తమ లేబుల్ వేసిన తాళాన్ని తమ అభిమానులకే తీసిచ్చిన మనిషి, నాకు ఆ ఒక్క పనికే వాళ్ళ మీద గౌరవం పెరిగింది. సరే, విషయం ఏంటంటే పాత అమెరికన్ ప్రింటు దొరికితే, కవర్ అంచున కంటెంట్ ప్రొటెక్టెడ్ అని ఉంటే, మామూలు సీడీ ప్లేయర్‌లో వినండి, పాత విండోస్ కంప్యూటర్‌లో పెట్టొద్దు. లేదంటే హాయిగా స్ట్రీమింగ్‌లో వినండి, ఈ తలనొప్పి ఏదీ లేదు.

హలో హరికేన్. 2006 డిసెంబరులో క్రిస్మస్ మర్నాడు ఓ గ్రావిటీ అనే ఆల్బమ్ వచ్చాక వీళ్ళు కొలంబియా లేబుల్ నుంచి బయటపడ్డారు. సొంతంగా స్టూడియో కట్టుకున్నారు, సొంత లేబుల్ పెట్టుకున్నారు, ఎవరూ గడియారం చూపించి తొందరపెట్టకపోవడంతో కుప్పలు తెప్పలుగా పాటలు రాసి వాటిలోంచి పన్నెండు ఏరుకున్నారు. మైక్ ఎలిజోండో నిర్మాత. 2009 నవంబరులో అట్లాంటిక్ అనే పెద్ద లేబుల్ ద్వారా వచ్చింది. 2011లో బెస్ట్ రాక్ ఆర్ ర్యాప్ గాస్పెల్ ఆల్బమ్ విభాగంలో గ్రామీ కూడా దీనికే వచ్చింది.

తుఫాను వస్తుంది, ఆపలేవు, ఇల్లు కూలొచ్చు, అప్పుడు నువ్వేం పాడతావు? ఆల్బమ్ మొత్తం ఇదే. కోస్తా వాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. 1977 దివిసీమ ఉప్పెన కథలు మా అమ్మమ్మ నోట వింటూ పెరిగినవాణ్ణి, అందుకని తుఫానుకి హలో చెప్పే పాట అంటే మొదట కొంచెం చిరాకే వేసింది, అలలతో ఆడుకునే కాలిఫోర్నియా కుర్రాళ్ళకి ఏం తెలుసులే అని. నాలుగైదుసార్లు విన్నాక చిరాకు పోయింది. తుఫానుని చిన్నది చేసి చూపించడు, అన్నీ పోతాయని ఒప్పుకుంటూనే ప్రేమని మాత్రం పట్టుకెళ్ళలేవు అంటాడు.

మూడింట్లో చెవికి బాగా కుదిరిన రికార్డింగ్ ఇదే. మెస్ ఆఫ్ మీ, బుల్లెట్ సోల్ వింటే గిటార్లు మెంట్ టు లివ్ కంటే మొరటుగా, కానీ శుభ్రంగా వినిపిస్తాయి, డ్రమ్స్ దెబ్బ గుండెకి తగులుతుంది. మెస్ ఆఫ్ మీలో నా జబ్బుకి కారణం నేనే, మాత్ర వేస్తే పోయే జబ్బు కాదు అని ఒప్పుకోలు. మెత్తటి వైపు ఆల్వేస్, ఎనఫ్ టు లెట్ మీ గో, యెట్ ఉన్నాయి. యువర్ లవ్ ఈజ్ ఎ సాంగ్ అయితే తెలుగు చర్చిలో ఎవరైనా అనువదించి పాడినా ఎవరూ వేరేగా చూడరు, అంత ఆరాధనకి దగ్గరగా ఉంటుంది. మావాడికి నేను మొదట ఇవ్వాల్సింది ఇదే.

దీంట్లో నన్ను కూర్చోబెట్టిన పాట ద సౌండ్. పూర్తి పేరులో జాన్ ఎం. పెర్కిన్స్ బ్లూస్ అని కూడా ఉంటుంది. పాట తెలియకపోయినా ఈ మనిషి గురించి తెలుసుకోండి. 1930లో అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిప్పీలో కూలీ పనులు చేసుకునే నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. అన్న క్లైడ్ రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పోరాడి ఇంటికొస్తే, సొంత ఊళ్ళో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. పెర్కిన్స్ కాలిఫోర్నియాకి పారిపోయి, అక్కడ స్థిరపడి, విశ్వాసంలోకి వచ్చి, ఆ తర్వాత ఎవరూ చేయని పని చేశాడు. అదే మిసిసిప్పీకి కుటుంబంతో సహా తిరిగొచ్చాడు. 1970లో అక్కడి జైల్లో పోలీసులు చచ్చేట్టు కొట్టారు. ఆ దెబ్బల నుంచి లేచి, కొట్టినవాళ్ళని కూడా క్షమించాలనీ, క్షమాపణతో పాటు న్యాయం కూడా జరగాలనీ జీవితమంతా పనిచేశాడు, పుస్తకాలు రాశాడు. పాటలో ఈ వివరాలేవీ ఉండవు. గిటార్ రంపంలా కోస్తుంటుంది, ద్వేషం కంటే పెద్ద శబ్దం ప్రేమ ఒక్కటే అన్న అర్థంలో జాన్ గొంతు చించుకుంటాడు. పెర్కిన్స్ ఎవరో తెలియకముందు నాకది మామూలు నినాదంలా వినిపించింది. తెలిశాక ప్రేమ అనే మాట అంత తేలిగ్గా అనిపించలేదు.

హలో హరికేన్‌లో లోటు ఏంటంటే, అది కొంచెం మరీ సర్దినట్టుంటుంది. బ్యూటిఫుల్ లెట్‌డౌన్‌లో ఉన్న కుర్రతనం, నథింగ్ ఈజ్ సౌండ్‌లో ఉన్న కోపం ఇక్కడ ఇస్త్రీ అయిపోయాయి. ఇద్దరు పిల్లల తండ్రి రాసిన పాటల్లా ఉంటాయి అని మా ఫ్రెండ్ అన్నాడు. వాడికి ఇద్దరు పిల్లలు, కాబట్టి అది మెచ్చుకోలో ఫిర్యాదో నాకు అర్థం కాలేదు.

ఇంకో చిక్కు ఉంది, బ్యూటిఫుల్ లెట్‌డౌన్ అని వెతికితే ఇప్పుడు రెండు కనిపిస్తాయి. 2023లో ఇరవై ఏళ్ళయిన సందర్భంగా వీళ్ళు మొత్తం ఆల్బమ్‌ని మళ్ళీ పాడి, వాయించి, అవర్ వెర్షన్ అని విడుదల చేశారు. పాత రికార్డింగుల హక్కులు లేబుల్ దగ్గర ఉండిపోతాయి కదా, గాయని టేలర్ స్విఫ్ట్ చేసినట్టే వీళ్ళూ తమ పాటల్ని తమవి చేసుకున్నారు. న్యాయం వాళ్ళ వైపే ఉంది, డబ్బు వాళ్ళకే వెళ్ళాలంటే కొత్తదే వినాలి. కానీ మొదటిసారి వినేవాళ్ళకి నేను పాతదే చెప్తాను. కొత్తది స్వరం స్వరం సరిపోయేలా చేశారు, ఇంకా శుభ్రంగా ఉంది, కానీ మెంట్ టు లివ్‌లో ఆ ఇరవై ఆరేళ్ళ గొంతు చిరిగే చోట కొత్తదాంట్లో గొంతు చిరగదు, పాడుతుంది. ఒక్క పాట దగ్గర మాత్రం తీర్పు మారుతుంది. ట్వెంటీ ఫోర్ ఇరవై నాలుగేళ్ళ వయసు మీద రాసిన పాట. అదే పాట నలభై ఆరేళ్ళ మనిషి పాడుతుంటే, ఆ అంకె ఇక వయసు కాదు, వెనక్కి తిరిగి చూసుకుంటున్న ఏదో ఊరి పేరులా వినిపిస్తుంది. పాత ఆల్బమ్ మొత్తం విని, ఆఖరి పాట మాత్రం కొత్తదాంట్లోంచి వినండి. బ్యాండ్ వాళ్ళు ఒప్పుకోరేమో, నేనైతే అలాగే వింటాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఓ గ్రావిటీలో డర్టీ సెకండ్ హ్యాండ్స్ ఒక్కటి చాలు, మిగతాది వాళ్ళ అభిమానులయ్యాక వినండి. 2011 నాటి వైస్ వర్సెస్ మాత్రం బేస్ వాయించేవాళ్ళు తప్పకుండా వినాలి, టిమ్ ఫోర్‌మన్ వేళ్ళు ముందుకొచ్చి నిలబడేది అక్కడే. వీళ్ళ ఊళ్ళో ఇల్లు లేక వీధిలో బతికే పిల్లల్ని తలుచుకుని రాసిన డార్క్ హార్సెస్ అందులోదే, ఆఖర్న వేర్ ఐ బిలాంగ్ సుదీర్ఘంగా సాగి సాగి ఎక్కడికో తీసుకెళ్తుంది. 2014 నాటి ఫేడింగ్ వెస్ట్ ప్రపంచమంతా తిరిగి సర్ఫింగ్ చేస్తూ తీసిన డాక్యుమెంటరీతో కలిసి వచ్చింది, నాకు పాటల కంటే సినిమానే నచ్చింది. 2000 ముందువి పాత ఫొటో ఆల్బమ్ తిరగేయడం లాంటివి, ఇష్టం పుట్టాకే.

అసలు మీకు కావాల్సింది ఇంకా గట్టి, మెటల్ దగ్గరి సౌండ్ అయితే, అదే 2009లో వచ్చిన స్కిల్లెట్ వాళ్ళ అవేక్ వినండి, స్విచ్‌ఫుట్‌తో టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. అకూస్టిక్ గిటార్లు, మెత్తదనం కావాలంటే జార్స్ ఆఫ్ క్లే 1995లో తెచ్చిన మొదటి ఆల్బమ్. నవ్వుతూ గెంతుతూ వినాలంటే రిలయంట్ కె అనే బ్యాండ్. వీటి గురించి ఇంకోసారి.

ఎటూ తేల్చుకోలేకపోతున్నారా? పావుగంట ఇవ్వండి. దిస్ ఈజ్ యువర్ లైఫ్, ద షాడో ప్రూవ్స్ ద సన్‌షైన్, ద సౌండ్, ఈ మూడే వరసగా, ఫోన్ స్పీకర్‌లో కాదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. ఏ పాటని వెంటనే రెండోసారి పెట్టాలనిపించిందో ఆ ఆల్బమ్ మీది. ఏదీ పెట్టాలనిపించకపోతే ఈ బ్యాండ్ మీకు పడదు, పోయేదేం లేదు. మూడూ పెట్టాలనిపిస్తే ఏ సంవత్సరంలో వచ్చిందో ఆ వరుసలోనే పోండి, ఓ గ్రావిటీ దగ్గర కాళ్ళు తడబడినా దాటేయండి.

మావాడికి ఈ మూడు పాటలే పంపాను. వారం రోజులు ఉలుకూ పలుకూ లేదు, నచ్చలేదేమో అనుకున్నాను. పోయిన ఆదివారం చర్చి అయ్యాక ఫోన్ చేశాడు. వెనక ఎవరో కీబోర్డ్ సర్దుతున్న చప్పుడు, వైర్లు చుడుతున్నారు. యేసు ఎక్కడ అని ఈసారి అడగలేదు. "అన్నా, ఆ పాట పేరులో జాన్ పెర్కిన్స్ అని ఉంది కదా, ఆయనెవరు?" అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాను. మిసిసిప్పీకి తిరిగొచ్చిన దగ్గర ఆపి, "అన్నా ఒక్క నిమిషం, స్పీకర్‌లో పెడతా, వీళ్ళు కూడా వింటారంట" అన్నాడు.